పదకొండో తరగతిలో ఆరు ఏపీ క్లాసులు పెట్టించవచ్చా?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అబ్బాయి ఆగస్టులో పదకొండో తరగతికి వెళ్తాడు. పదిలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చదివే క్లాసు) వరల్డ్ హిస్టరీ ఒక్కటే చదివాడు. ‘ఏ’ గ్రేడే వచ్చింది కానీ, పడుకునేసరికి పన్నెండు దాటేది. అన్నం గిన్నె ల్యాప్‌టాప్ పక్కన అలాగే ఉండిపోయేది. ఇప్పుడు కాలిక్యులస్ బీసీ, ఫిజిక్స్ సీ, కెమిస్ట్రీ, యూఎస్ హిస్టరీ, ఇంగ్లిష్ లాంగ్వేజ్, కంప్యూటర్ సైన్స్ ఏ, ఆరూ ఏపీలే తీసుకుంటానంటున్నాడు. రోబోటిక్స్ అంటే ప్రాణం. తెలిసినవాళ్ల పిల్లలు ఐదారు తీసుకుంటున్నారు. తగ్గిస్తే బర్క్లీ చేజారుతుందేమోనని భయం.

జవాబు: అమ్మా, ఆరు వద్దు. మూడు తీసుకోనివ్వండి, నాలుగోది ఆలోచించి.

ముందు మీ భయం సంగతి చూద్దాం. బర్క్లీ లాంటి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) కాలేజీలు జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, లెక్కకు పది, పదకొండు తరగతుల గ్రేడ్లే తీసుకుంటాయి. ఏపీలో సీ లేదా అంతకంటే మంచి గ్రేడ్ వస్తే ఒక పాయింట్ కలుపుతారు. అయితే ఆ అదనపు పాయింట్లు మొత్తం 8 సెమిస్టర్లకే. వరల్డ్ హిస్టరీతో రెండు అయిపోయాయి. మిగిలిన ఆరూ ఏడాది పొడవునా సాగే మూడు క్లాసులతో నిండిపోతాయి. ఆ తర్వాత ఎన్ని తీసుకున్నా అప్లికేషన్‌లో కనిపిస్తాయి కానీ, ఆ జీపీఏలో పాయింట్ కలవదు. అప్పుడు ఏపీలో వచ్చిన బీ ఉత్త బీగానే మిగులుతుంది. కష్టమైన క్లాసులు తీసుకున్నాడా అని యూసీ తప్పకుండా చూస్తుంది. కానీ మీ స్కూల్లో ఉన్నవాటిలో ఏవి ఎంచుకున్నాడు, ఎలా చదివాడు అని చూస్తుందే తప్ప, ఎదురింటి పిల్లాడితో పోల్చదు.

ఇక బాబుని ఒక కాగితం మీద తన మంగళవారం గంటగంటకీ ఎలా గడుస్తుందో గీయమనండి. నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లాడి చేతా ఇదే చేయిస్తాను. మూడున్నరకి స్కూల్ అయిపోతుంది, ఆరింటిదాకా రోబోటిక్స్, ఏడింటికి భోజనం. ఏడున్నరకి హోంవర్క్ మొదలుపెడితే, ఒక్కో ఏపీకి నలభై ఐదు నిమిషాలు వేసినా ఆరు ఏపీలకు నాలుగున్నర గంటలు. అంటే రాత్రి పన్నెండు. అదీ ల్యాబ్ రిపోర్టూ పెద్ద వ్యాసమూ లేని రోజున. ఈ లెక్క పిల్లలు తమ చేత్తో వేసుకున్నాక నేను ఒప్పించాల్సిన పని ఉండదు.

కాలిక్యులస్ బీసీ, ఫిజిక్స్ సీ జంటగా ఉంచండి. రోబోటిక్స్ ఇష్టమైనవాడికి ఇవి గుండెకాయ. పైగా ఫిజిక్స్ సీకి కాలిక్యులస్ కావాలి, రెండూ కలిసి నడిస్తే ఒకదానికొకటి ఊతం. బీసీకి వెళ్లే ముందు ప్రీ-కాలిక్యులస్ గట్టిగా వచ్చిందో లేదో లెక్కల టీచర్ని అడగండి. మూడోది ఇంగ్లిష్ లాంగ్వేజ్. కాలేజీకి రాసే వ్యాసాలకూ పనికొస్తుంది.

నాలుగోదిగా కంప్యూటర్ సైన్స్ ఏ, ఒక షరతు మీద. అది జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంటుంది. రోబోటిక్స్ టీమ్‌లో బాబు ఇప్పటికే జావా రాస్తుంటే సగం భారం తగ్గినట్టే. రాయకపోతే పన్నెండులో చూసుకోవచ్చు.

యూఎస్ హిస్టరీ మామూలు క్లాసులో చదవనివ్వండి, యూసీకి కావలసిన అర్హత దానితోనే తీరుతుంది. ఏపీలో అయితే చదవాల్సింది కొండంత. పరీక్షలో ఏడు పత్రాలు ముందుపెట్టి, వాటి ఆధారంగా వ్యాసం రాయమంటారు. పోయిన ఏడాది హిస్టరీయే బాబు నిద్ర తినేసింది కదా. కెమిస్ట్రీ పన్నెండులో తీసుకోవచ్చు.

ఇంకొకటి, ఈ వారమే చేయండి. క్లాసు మార్చుకోవడానికి ఆఖరు తేదీ ఎప్పుడో, ఆ తేదీ దాటాక మానేస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో (గ్రేడ్ల రికార్డులో) ఏం పడుతుందో స్కూల్ కౌన్సెలర్‌ని అడిగి రాసిపెట్టుకోండి. సెప్టెంబరులో బాబు బాగా నలిగిపోతుంటే అప్పుడు వెతుక్కునే టెన్షన్ ఉండదు. ఆ మంగళవారం కాగితం ఫొటో తీసి నాకు పంపండి, నాలుగోది ఉంచాలో వద్దో బాబుతోనే మాట్లాడతాను.