డాక్టర్ సలహా: డిస్క్ ఉబ్బిందన్నారు సరే, నొప్పి అక్కడిదేనా?

ప్రశ్న: నా వయసు 33. గుంటూరు అరండల్‌పేటలో ఉంటాం. సిజేరియన్‌తో బాబు పుట్టి 14 నెలలైంది. కడుపుతో ఉన్నప్పుడే కుడివైపు నడుము కింద, పిరుదు పైన నొప్పి మొదలైంది, ఇప్పటికీ పోలేదు. మంచం మీద పక్కకు తిరిగినా, మెట్లెక్కినా, స్కూటీకి సెంటర్ స్టాండ్ వేసినా కలుక్కుమంటుంది. తొడ వెనక దాకా లాగుతుంది కానీ మోకాలు దాటదు. ఎంఆర్ఐ తీయిస్తే డిస్క్ కాస్త ఉబ్బిందని రాశారు. నడుముకి బెల్టు పెట్టుకుంటున్నా లాభం లేదు. వెన్నులో ఇచ్చిన మత్తు సూది వల్లే ఇదంతా అని మా అత్తగారంటారు. ఆపరేషన్ చేయాలంటారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ఆ ఆపరేషన్ భయం పక్కన పెట్టండమ్మా. మిమ్మల్ని పరీక్ష చేయకుండా ఖాయంగా చెప్పకూడదు గానీ, మీరు రాసిందంతా చూస్తే నాకు డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది) కంటే శాక్రోఇలియాక్ జాయింట్ మీదే ఎక్కువ అనుమానం. ఎస్ఐ జాయింట్ అంటాం. వెన్నెముక అడుగున ఉండే త్రికోణపు ఎముక, అటూ ఇటూ ఉన్న తుంటి ఎముకలతో కలిసే చోటు అది. పైనున్న ఒంటి బరువంతా కాళ్లలోకి దిగేది దాని మీదుగానే. మోకాలిలా, భుజంలా ఆడే కీలు కాదు, ఎముకలను కలిపి కట్టే గట్టి పట్టీలు, అంటే లిగమెంట్లు, బిగించి పట్టుకోవడం వల్ల కదిలేది ఏవో కొద్ది డిగ్రీలే. గర్భంతో ఉన్నప్పుడు కాన్పుకి వీలుగా రిలాక్సిన్ లాంటి హార్మోన్లు ఆ లిగమెంట్లను వదులు చేస్తాయి, పైగా కడుపు ముందుకి రావడంతో నడిచే తీరే మారిపోతుంది. కాన్పయిన కొన్ని నెలల్లో చాలామందికి సర్దుకుంటుంది, కొందరికి మీలాగే నిలిచిపోతుంది.

ఎస్ఐ నొప్పిని అనుమానించడానికి మేం చూసే మొదటి గుర్తు చాలా చిన్నది. నొప్పి ఎక్కడో చూపించమంటే మామూలు నడుం నొప్పి వాళ్లు అరచేతిని నడుము మీద అడ్డంగా రాసి చూపిస్తారు. ఎస్ఐ నొప్పి ఉన్నవాళ్లు ఒక్క వేలు పెడతారు, నడుము కింద వెనకవైపు చిన్న సొట్ట పడినట్టు ఉంటుంది చూడండి, దానికి అంగుళం లోపు. మళ్లీ చూపించమన్నా వేలు అక్కడికే వెళ్తుంది. దీనికి తోడు పక్కకి తిరిగితే, ఒంటికాలి మీద బరువు వేస్తే పొడవడం. డిస్క్ నరాన్ని నొక్కితే కథ వేరేగా ఉంటుంది: నొప్పి సాధారణంగా మోకాలు దాటి పాదం దాకా పాకుతుంది, తిమ్మిర్లుంటాయి, దగ్గినా తుమ్మినా కరెంటు కొట్టినట్టుంటుంది. మరి ఎంఆర్ఐలో వచ్చిన ఉబ్బు సంగతేంటి అంటారా? ఏ నొప్పీ లేని 30 ఏళ్ల వాళ్లకు ఊరికే ఎంఆర్ఐ తీసినా నూటికి 40 మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. రిపోర్టుకి వైద్యం చేస్తూ పోతే ఇలాగే బెల్టులు మారుతుంటాయి, నొప్పి అక్కడే ఉంటుంది.

మత్తు సూది సంగతి అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు, కొందరికి మొదటి రోజుల్లో తలనొప్పి వస్తుంది, అంతే. ఏడాది దాటినా వదలని నొప్పికి దాన్ని తప్పు పట్టడానికి ఆధారం లేదు. సూది వేయించుకోకుండా మామూలు కాన్పయిన వాళ్లకూ ఈ నొప్పి వస్తుంది కదా.

ఇప్పుడు చేయాల్సింది ఒకసారి ఆర్థో డాక్టర్‌కి చూపించడం, మీ ఊళ్లోని ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) ఓపీ అయినా పర్వాలేదు. బల్ల మీద పడుకోబెట్టి, తొడను వంచి నొక్కడం, తుంటిని రెండువైపుల నుంచి అదమడం లాంటివి ఐదు పరీక్షలుంటాయి, వాటిలో కనీసం మూడింటికి మీ నొప్పి అచ్చంగా అలాగే వస్తే ఎస్ఐ జాయింటే అనుకోవచ్చు. ఇంకో మాట తప్పకుండా చెప్పండి: పొద్దున లేవగానే అరగంటకు మించి నడుము బిగుసుకుపోయి, పని చేసుకుంటూ ఉంటే సడలుతోందా? తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తోందా? ఎప్పుడైనా కన్ను ఎర్రబడి నొప్పి పెట్టిందా, ఒంటిమీద సోరియాసిస్ ఉందా? వీటికి అవునంటే అది కాన్పు తర్వాతి వదులు కాకపోవచ్చు, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ లాంటి వాతం కావచ్చు. అప్పుడు సీఆర్పీ, హెచ్ఎల్ఏ-బీ27 రక్తపరీక్షలు, ఎస్ఐ జాయింట్లకే ప్రత్యేకంగా ఎంఆర్ఐ అవసరమవుతాయి. మీరు తీయించింది నడుముదైతే ఈ కీళ్లు అందులో సరిగ్గా పడవు. జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ, పచ్చిపాలు తాగేవాళ్లకూ పశువులతో మెలిగేవాళ్లకూ వచ్చే బ్రూసెల్లా అనే ఇన్ఫెక్షన్ కూడా ఆ కీలుకే పట్టొచ్చు, దాచొద్దు.

ఇవేవీ లేవనుకుందాం. అప్పుడు మందులకంటే ముందు మారాల్సింది మీ రోజు. బాబుని ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకుని ఆ వైపు తుంటి బయటికి నెట్టి నిలబడుతున్నారా, గమనించుకోండి. దాదాపు అందరు తల్లులూ అదే చేస్తారు. కత్తిపీట ముందు ఒక కాలు మడిచి ఒక కాలు చాపి కూర్చోవడం కూడా కొన్నాళ్లు ఆపేసి నిలబడి గట్టు మీద కూరలు తరుక్కోండి. స్కూటీకి సైడ్ స్టాండ్ వేయండి చాలు. పడుకునేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు, పక్కకి తిరిగేటప్పుడు రెండు మోకాళ్లూ కలిపి ఒకేసారి తిప్పడం. చీర, లెగ్గింగ్ ఏదైనా కూర్చునే కాలు దూర్చండి.

మీ బెల్టు నడుముది, అందుకే పనిచేయలేదు. ఎస్ఐ బెల్టు సన్నగా ఉంటుంది, బొడ్డు దగ్గర కాదు, ఇంకా కిందికి, తొడ ఎముక పక్కకి పొడుచుకొచ్చే చోటుకి కాస్త పైన బిగించాలి. నడిచేటప్పుడు, పని చేసేటప్పుడు చాలు. దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు, ఎందుకంటే ఆ కీలుని బిగించి ఉంచాల్సిన అసలు బెల్టు మీ పిరుదు కండరాలూ పొట్ట కండరాలే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు మెల్లగా లేపి ఐదు లెక్కపెట్టి దించడం, పక్కకి పడుకుని మడమలు కలిపే ఉంచి పై మోకాలు మాత్రం తెరవడం, ఈ రెండూ రోజూ పదేసి సార్లతో మొదలుపెట్టండి. ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఒకటి రెండుసార్లు చేసి చూపించుకుంటే తప్పులుండవు. రెండు నెలలు విడవకుండా చేయాలి, పది రోజులకే తగ్గలేదని మానేసేవాళ్లే ఎక్కువ.

మాత్రలంటారా, నొప్పి ఎక్కువున్న రోజుల్లో పారాసిటమాల్, డాక్టర్ చెబితే కొద్దిరోజులు ఐబుప్రోఫెన్. బాబు ఇంకా పాలు తాగుతుంటే ఆ మాట ముందే చెప్పండి. మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్లలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ. ఇక ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుము తన్నించుకుంటే పోతుందని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, వదులైన కీలుని తన్నించడమేంటండీ, ఆ పని మాత్రం చేయకండి.

రెండు మూడు నెలలు ఇవన్నీ చేసినా తగ్గకపోతే ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఆ కీలులోకే మత్తుమందు, స్టెరాయిడ్ కలిపి ఇంజెక్షన్ ఇస్తారు. ఇచ్చిన కొద్దిసేపటికే నొప్పి ముప్పావు వంతు పోతే నొప్పి అక్కడిదేనని దాదాపు తేలిపోతుంది, వైద్యమూ అవుతుంది. ఆ ఉపశమనం నిలవని వాళ్లకు నొప్పి మోసే చిన్న నరాలను వేడితో మొద్దుబార్చే రేడియోఫ్రీక్వెన్సీ ఉంది. స్క్రూలతో కీలు బిగించే ఆపరేషన్ ఇవన్నీ విఫలమైన కొద్దిమందికే, ఈ వరుసలో మీరింకా మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

ఒక్క జాగ్రత్త. మూత్రం, విరేచనం అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా అది ఎస్ఐ నొప్పి కాదు, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్లండి.