పిలిస్తే పలికేంత దూరం

“కరోనా రోజుల్లో ఇంట్లో ఒకరిని విడిగా ఉంచాల్సి వచ్చినప్పుడు, పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న మీ ఇల్లు ఎలా నడిచింది?” అని అడిగారు. ప్రశ్న చదవగానే మా పెరట్లోని నవారు మంచం కళ్ళముందు మెదిలింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది విజయనగరం, కోటకు దగ్గరలో ఒక సందు. వరసగా మూడు గదులు, వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు. స్నానాల గది, మరుగుదొడ్డి పెరట్లోనే. ఇంటిల్లిపాదికీ అవే. మావారు, నేను, అప్పటికి పదో తరగతి చదువుతున్న అమ్మాయి, ఆరేళ్ళ బాబు, డెబ్బై నాలుగేళ్ళ మా అత్తగారు, మొత్తం అయిదుగురం. రోగికి ప్రత్యేకంగా ఒక గది, ప్రత్యేకంగా ఒక మరుగుదొడ్డి ఉండాలని టీవీలో చెబుతుంటే, అవి లేని మాలాంటి వాళ్ళు ఏం చేయాలో కూడా ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది అనిపించేది.

2020 సంగతి తొందరగా చెప్పేస్తాను. మార్చి 22 సాయంత్రం అయిదింటికి సందంతా చప్పట్లు, పళ్ళాల మోత. 25న లాక్‌డౌన్ మొదలైంది, ఉగాదీ ఆ రోజే. పచ్చడికి వేపపువ్వు పెరటి చెట్టుది, మామిడికాయ పక్కింటివారిది. మిగతా జిల్లాలన్నిటిలో కేసులు వచ్చినా మే నెల వచ్చేదాకా మా జిల్లాలో ఒక్కటీ లేదు. పైడితల్లి అమ్మవారే కాచిందని అత్తగారి నమ్మకం. ఆ అక్టోబరు 27న అమ్మవారి జాతరలో ఊరేగించే సిరిమాను జనసందోహం లేకుండా తిరిగితే, ఆమె టీవీ ముందు చేతులు జోడించుకుని కూర్చున్నారు. ఆ ఏడాదంతా మేం ఇంట్లో ఉన్నాం కానీ అందరం ఒకచోట ఉన్నాం. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి దగ్గరికి వెళ్ళకూడదు అంటే ఏమిటో మరుసటి ఏడు తెలిసింది.

2021 ఏప్రిల్ 29, గురువారం. మావారు విశాఖలో ఒక కంపెనీలో లెక్కలు చూస్తారు, రోజూ బస్సులో వెళ్ళి వస్తారు. ఆ సాయంత్రం వచ్చి వీధి అరుగు మీదే కూర్చుండిపోయారు. చెప్పులు విప్పలేదు. బాబు పరుగెత్తుకుని వెళ్ళబోతే “వాణ్ణి లోపలికి పిలువు, నాకు ఒళ్ళు వెచ్చగా ఉంది” అన్నారు. ఆ గొంతు విని అత్తగారు ఇంకేమీ అడగలేదు. తన గదిలోంచి తన దుప్పటి, మందుల డబ్బా, దేవుడి పటం తెచ్చుకుని మధ్య గదిలో పెట్టుకున్నారు. ఆమె గది కిటికీ పెరట్లోకి తెరుచుకుంటుంది. “వాడు పెరటి దారినే ఆ గదిలోకి వెళ్ళాలి, ఇంట్లోంచి నడవకూడదు” అన్నారు. పరీక్షకు మర్నాడు ఇచ్చాం, ఫలితం ఆరో రోజుకు గానీ రాలేదు. ఫలితం వచ్చేదాకా చూద్దాం అనుకుని ఉంటే మా ఇంట్లో ఎంతమంది పడకేసేవారో! మీకు నేను మొదట చెప్పదలచుకున్నది ఇదే. జ్వరం తగిలిన గంటలోనే విడిగా ఉంచాం. ఆ ఒక్క పని అత్తగారి వల్లే జరిగింది.

ఆమెకు ఇది కొత్త కాదు. మావారికి ఎనిమిదేళ్ళప్పుడు ఆటలమ్మ పోస్తే ఇదే గదిలో ఉంచారట. గుమ్మానికి వేపమండలు కట్టారు, పైవాళ్ళను రానివ్వలేదు, ఇంట్లో తాలింపు వేయలేదు, మూడు నీళ్ళు పోసేదాకా మిగతా పిల్లల్ని దగ్గరికి పోనివ్వలేదు. అదే క్రమం ఇప్పుడూ ఆమె చేతుల్లోంచి తడుముకోకుండా వచ్చింది. అటక మీద ఎప్పటి శుభకార్యానిదో ఒక అడ్డాకుల విస్తళ్ళ కట్ట ఉంది, దింపించారు. కంచం కడిగే పని లేదు, తిన్న విస్తరి ఆయనే సంచిలో వేసి మూతి కడితే పెరటి మూల కాల్చేవాళ్ళం. స్టీలు గ్లాసు ఒక్కటి మాత్రం గదిలోనే ఉండేది. కిటికీ కింద ముక్కాలి పీట వేసి, దాని మీద అన్నం పెట్టి నేను వెనక్కి వచ్చాక ఆయన తీసుకునేవారు. స్నానాల గదికి అందరికంటే ఆఖరున ఆయన వెళ్ళేవారు. తరవాత తలుపు బార్లా తీసి, బ్లీచింగ్ నీళ్ళు చల్లి, గంటసేపు ఎవరం వెళ్ళేవాళ్ళం కాదు. ఆయన బట్టలు వేడినీళ్ళలో నానాకే ముట్టుకునేదాన్ని. పొద్దున మజ్జిగ కలిపిన చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ. మధ్యాహ్నం మెత్తటి అన్నం, చారు. రుచీ వాసనా పోయాయి కాబట్టి ఏది పెట్టినా ఒకటే అనేవారు, అయినా వేళకు తినేవారు.

ఇంతవరకు అందరూ చేసిందే. మా ఇంట్లో గొడవ వచ్చింది మూడో రోజున.

ఆ మధ్యాహ్నం చూస్తే అత్తగారు మాస్కు కట్టుకుని కిటికీ పక్కనే కుర్చీ వేసుకుని కొడుకుతో మాట్లాడుతున్నారు. నాకు గుండె జారిపోయింది. ఆమెకు షుగర్ ఉంది. మార్చిలో అరవై దాటినవారికి టీకా ఇవ్వడం మొదలవగానే వెళ్ళి మొదటి డోసు వేయించుకున్నారు గానీ, రెండోది ఇంకా కాలేదు. “అత్తయ్యా, మీరు ఇక్కడికి రావద్దు” అని కాస్త గట్టిగానే అన్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె మీద గొంతు పెంచింది అప్పుడే. ఆమె కోప్పడలేదు. ముంజేతి మీద చిన్నప్పటి మశూచి టీకా మచ్చ చూపించి, నాకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు.

చీపురుపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో, ఆమెకు ఎనిమిది తొమ్మిదేళ్ళప్పుడు, చెల్లెలికి పెద్దమ్మవారు వచ్చింది. మశూచి అన్నమాట. మన దేశంలో 1975 తరవాత ఆ జబ్బు లేదు కానీ అప్పట్లో ఊళ్ళకు ఊళ్ళు వణికేవి. ఆ పిల్లను దొడ్లో పాకలో అరటాకుల మీద పడుకోబెట్టారు. పెద్దవాళ్ళెవరో వెళ్ళి నీళ్ళు తాగించి వచ్చేవారు. పిల్లలెవరూ అటు వెళ్ళకూడదు, మాట్లాడకూడదు. రాత్రిళ్ళు ఆ పిల్ల “అక్కా” అని పిలిచేదట. “నేను మేలుకునే ఉన్నానమ్మా. నాన్న కొడతాడని పలకలేదు. నాలుగో రాత్రి అది పిలవలేదు” అన్నారు. అని, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని, “విడిగా పెట్టడం నాకు తెలుసు. పిలిస్తే పలికేంత దూరంలో మాత్రం ఒకళ్ళు ఉండాలి. మీరు పనుల్లో ఉంటారు, నేను ఉంటాను” అన్నారు.

నేనింకేం అనగలను? కానీ భయం భయమే కదా. మధ్యేమార్గం మా అమ్మాయి కనిపెట్టింది. అటు గోడకు ఆనించి ఉన్న నవారు మంచం తెచ్చి, కిటికీకీ కుర్చీకీ నడుమ నిలువుగా వేసింది. మంచం పొడవు ఆరడుగులు. “మామ్మా, ఈ మంచం దాటి ఇటు రాకూడదు” అని ఒట్టు వేయించుకుంది. పైన సపోటా చెట్టు నీడ, చుట్టూ గాలి. అత్తగారు ఒప్పుకున్నారు.

ఆ మర్నాటి నుంచి ఆ మంచమే మా ఇంటికి నడిబొడ్డు అయింది. వేసవి కదా, ఏడాదికి సరిపడా చింతపండు కొని ఉంచాం. దాన్ని మంచం మీద పరిచి, అత్తగారు కుర్చీలో కూర్చుని పిక్కలు తీస్తూ, ఈనెలు ఏరుతూ మాట్లాడేవారు. కొడుకు కిటికీ చువ్వలు పట్టుకుని వినేవారు. ఎక్కువసేపు మాట్లాడితే ఆయనకు దగ్గు వచ్చేది. అందుకని ఆమె ఒక్కరే మాట్లాడేవారు, ఆయన గ్లాసుతో చువ్వ మీద టకటక కొట్టి ఊఁ కొట్టేవారు. ఒక చప్పుడైతే ఔనని, రెండైతే కాదని. ఆ చప్పుడు వంటింట్లోకి వినిపిస్తుంటే నా చేతులు సాఫీగా పని చేసేవి. ఆగితే తల తిప్పి చూసేదాన్ని.

చింతపిక్కలు బాబుకు పని కల్పించాయి. నాలుగు పెద్ద పిక్కలు ఏరి, గచ్చు మీద ఒకవైపు తెల్లగా వచ్చేదాకా అరగదీశాడు. వాళ్ళ మామ్మ పీట మీద సుద్దతో అష్టాచెమ్మా గళ్ళు గీసిచ్చారు. పిక్కలు వాడే వేస్తాడు, తన వంతూ నాన్న వంతూ కూడా. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. “నాన్నా, నీకు అష్టా!” అని అరిస్తే కిటికీలోంచి “నా రెండో కాయ నడుపు” అని జవాబు. ఆరేళ్ళ పిల్లాడు తండ్రి పందెం ఒక్కసారైనా తప్పు చెప్పలేదు. ఎందుకో ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు నిండుతుంది.

అమ్మాయిది ఇంకో రకం సాయం. పదో తరగతి పరీక్షలు ఉంటాయో ఉండవో తెలియని రోజులవి, చివరికి జూన్ నెలాఖరులో రద్దయ్యాయి. లెక్కల నోటుబుక్కులో వెనక పేజీ తీసి గళ్ళు గీసి, రోజుకు నాలుగుసార్లు జ్వరం ఎంత, ఆక్సిజన్ ఎంత అని రాసేది. ఆక్సీమీటరు ఏ దుకాణంలోనూ దొరకలేదు. మూడిళ్ళ అవతల మాస్టారు తమది ఇచ్చారు. 96, 97, 95. ఇవే అంకెలు ఏడు రోజులు.

ఏడో రోజు మే 5. ఆ రోజే రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ మొదలైంది. రాత్రి రెండు గంటలకు గోడ అవతల గ్లాసు చప్పుడు. ఒకటి కాదు, రెండు కాదు, వరసగా. పెరట్లోకి పరుగెత్తాను. ఆక్సీమీటరు 93 చూపిస్తోంది. వేలు తుడుచుకుని మళ్ళీ పెడితే మళ్ళీ 93. తెలిసిన డాక్టరు గారికి ఫోను చేస్తే, ఆ వేళప్పుడు కూడా ఎత్తారు, ఆయన చల్లగా ఉండాలి. బోర్లా పడుకోబెట్టమన్నారు, గుండె కింద ఒక దిండు, కాళ్ళ కింద ఒక దిండు. గంటలో 94 దాటకపోతే ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళమన్నారు. కర్ఫ్యూలో బండి ఎలా అని నేను 104కి ఫోను చేస్తుంటే, అత్తగారు లేచి వచ్చి చీకట్లో తన కుర్చీలో కూర్చున్నారు. మంచానికి ఇవతలే, ఒట్టు తప్పలేదు. “బాబూ, నేను ఇక్కడే ఉన్నాను” అని మొదలుపెట్టి, చిన్నప్పుడు పాసింజరు రైలెక్కి అమ్మమ్మగారి ఊరు వెళ్ళిన ప్రయాణం చెప్పసాగారు. నెల్లిమర్ల వచ్చింది, పల్లీలు కొనమని నువ్వు ఏడ్చావు. గరివిడి వచ్చింది, నిద్రపోయావు. ఆ గొంతులో తొట్రుపాటు లేదు. నా చేతులు మాత్రం ఫోను పట్టుకోలేనంతగా వణుకుతున్నాయి. ముప్పావు గంటకు 95 వచ్చింది. తెల్లవారేసరికి 96. అమ్మాయి లేచి నోటుబుక్కులో ఆ 93ను కూడా రాసింది, పక్కన వేళతో సహా. రాయొద్దు అనబోయి ఊరుకున్నాను.

ఇరుగుపొరుగు గురించి కూడా ఒక మాట. కొందరు మా గుమ్మం ముందు నడవడం మానేశారు, వాళ్ళ భయం వాళ్ళది. పాలావిడ మాత్రం ఒక్కరోజూ మానలేదు. గేటు దిమ్మ మీద పెట్టిన గిన్నెలో పైనుంచి పాలు పోసి, “నేను మానేస్తే పిల్లాడు ఏం తాగుతాడమ్మా” అనేది. వార్డు ఆశా కార్యకర్త మందుల కిట్టు ఇచ్చి, రెండు రోజులకోసారి వీధిలోంచే పిలిచి అడిగి వెళ్ళేది. ఇప్పుడు తలచుకుంటే ఆ ఇద్దరు చేసిందీ అత్తగారు చేసిన పనే.

జ్వరం మొదలై పది రోజులు గడిచి, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే బయటికి రావచ్చని అప్పటి నిబంధన. మేం పద్నాలుగు రోజులు ఉంచాం. మే 13 పొద్దున వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళు అత్తగారు సిద్ధం చేశారు. దానివల్ల వైరస్ పోతుందని కాదు. నీళ్ళు పోస్తే గానీ బిడ్డ ఇంట్లోకి వచ్చినట్టు ఆమెకు అనిపించదు, నాకూ అనిపించలేదు. నీరసం, వాసన తెలియకపోవడం ఇంకా చాలా రోజులు ఉన్నాయి. మిగిలిన నలుగురిలో ఎవరికీ జ్వరం రాలేదు. మీ ఇంట్లో ఇప్పుడు ఎవరినైనా ఏ జబ్బుకైనా విడిగా ఉంచాల్సి వస్తే గది, గిన్నెలు, మందులు చూసుకున్నాక, వాళ్ళకు వినపడేలా ఎవరు కూర్చుంటారో కూడా వేళలతో సహా ముందే అనుకోండి. రాత్రి వంతు ఎవరిదో మరీ ముఖ్యంగా.

ఆ మధ్యాహ్నం మావారు పద్నాలుగు రోజుల తరవాత మాతో కలిసి కూర్చుని భోంచేశారు. తినగానే బాబు పీట, పిక్కలు తెచ్చాడు. ఆయన వాడి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చోబోతే, “ఇక్కడ కాదు నాన్నా, నువ్వు గదిలోకి వెళ్ళు, కిటికీలోంచి ఆడదాం” అన్నాడు. ఆయన నా వంక చూసి, లేచి, మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళి చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. అత్తగారు కుర్చీని మంచం ఇవతలికి లాక్కున్నారు.