అమ్మలూ, ఆ 640 లైన్లు ముందు పక్కన పెట్టు

అమ్మలూ,

మొన్న ఆదివారం గాజువాక నుంచి వచ్చినప్పుడు ఫోనులో నీ కంప్యూటర్ తెర ఫొటో చూపించావు. భోజనాల హడావిడిలో సరిగా మాట్లాడలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. కంప్యూటర్ ముందు కూర్చుని తీరిగ్గా చదువు.

లైనక్స్‌లో విండోలను తెర మీద పలకల్లా పరిచే ఐ3 నీకు నచ్చిందంటే నాకెంత సంతోషమో చెప్పలేను. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో, 2012లో మొదలుపెట్టాను. పదవీ విరమణ చేశాక కూడా వదల్లేదు. కానీ నువ్వు అందులోకి వెళ్లిన దారి నాకు నచ్చలేదు. ఎవరో తన కోసం రాసుకున్న 640 లైన్ల కాన్ఫిగ్ ఫైలు, అంటే ఐ3 అమరికలన్నీ రాసి ఉండే ఫైలు, తెచ్చి నీ కంప్యూటర్లో పెట్టుకున్నావు. తెర అంచున ఉండే పట్టీలో చిన్న బొమ్మలు ఉండాల్సిన చోట ఖాళీ గళ్లు కనిపిస్తున్నాయి, ఎందుకంటే ఆయన వాడే ఫాంటు నీ దగ్గర లేదు. శబ్దం పెంచే మీట పనిచేయడం లేదు. విండో మూయడం తెలియక ఏకంగా కంప్యూటర్నే ఆపేశానన్నావు. ఏ లైను ఎందుకుందని అడిగితే నాలుగైదింటికి మించి చెప్పలేకపోయావు. నిన్ను తప్పు పట్టడం లేదు తల్లీ. ఇంకొకరి కొలతలకు కుట్టిన జాకెట్టు ఎంత మంచి గుడ్డయినా మన భుజాల మీద నిలవదు.

ఆ ఫైలు పేరు మార్చి పక్కన పెట్టు. పారేయకు, తర్వాత నిఘంటువులా పనికొస్తుంది. మళ్లీ లాగిన్ అయినప్పుడు ఐ3కి ఫైలు కనిపించదు కాబట్టి కొత్తది తయారు చేయమంటావా అని అడుగుతుంది. చేయమను. తర్వాత ముఖ్యమైన మీటగా విన్ (విండోస్ గుర్తున్న మీట) కావాలా, ఆల్ట్ కావాలా అని అడుగుతుంది. విన్ ఎంచుకో. ఆల్ట్‌ను లిబ్రే ఆఫీస్ మెనూల వంటివి ముందే తమ పనులకు వాడుకుంటున్నాయి, వాటితో రోజూ తగవు పెట్టుకోవడం ఎందుకు? దాదాపు 200 లైన్ల ఫైలు తయారవుతుంది, అందులో చాలా భాగం వివరణలే. మొదటి వారం దాన్ని అలాగే వాడు. ఒక్క అక్షరం కూడా మార్చకు.

ఆ వారంలో చేతికి రావాల్సినవి కొన్నే. విన్, ఎంటర్ కలిపి నొక్కితే టెర్మినల్, అంటే ఆదేశాలు టైపు చేసే విండో. విన్, డి అయితే ప్రోగ్రాము పేరు టైపు చేసి తెరిచే చోటు. విన్, షిఫ్ట్, క్యూ అయితే ఎదురుగా ఉన్న విండో మూసుకుపోతుంది. నీకు తెలియక కంప్యూటర్ ఆపేసింది దీనికోసమే. విన్‌తో అంకె నొక్కితే ఆ అంకె వర్క్‌స్పేస్‌కు, అంటే విడి తెర లాంటి చోటికి, వెళతావు, షిఫ్ట్ కూడా కలిపితే విండోనే అక్కడికి పంపుతావు. ఒక విండో నుంచి పక్క విండోకు వెళ్లడానికి జె, కె, ఎల్, సెమికోలన్. బాణం మీటలు కూడా పనిచేస్తాయి కానీ వాటికోసం చేయి ఉన్న చోటి నుంచి లేవాలి.

పలకలుగా పరచడమంటే ఏమిటో మన బంతి భోజనంతో నీకు తేలిగ్గా అర్థమవుతుంది. కొత్తగా ఒకరు వచ్చి కూర్చుంటే పక్కవాళ్లు కాస్త జరుగుతారు. ఒకరు లేస్తే మిగతావాళ్లు ఆ ఖాళీలోకి సర్దుకుంటారు. ఒకరి విస్తరి మీద ఇంకొకరి విస్తరి పడదు. ఇది కొత్త ఆలోచన కూడా కాదు, 1985లో వచ్చిన మొట్టమొదటి విండోస్‌లో కూడా విండోలు పక్కపక్కనే పరుచుకునేవి. ఐ3లో తికమక పెట్టే సంగతి ఒక్కటే: రాబోయే విండో ఎక్కడ కూర్చోవాలో అది రాకముందే నువ్వు చెప్పాలి. నీ తెర వెడల్పుగా ఉంది కాబట్టి ఏమీ చెప్పకపోతే కొత్తది పక్కన వస్తుంది. విన్, వి నొక్కి తర్వాత తెరిస్తే కిందకు వస్తుంది. విన్, హెచ్ మళ్లీ పక్కకు. కొత్తవాళ్లు విండో తెరిచాక దాన్ని ఎలా జరపాలా అని కుస్తీ పడతారు. నువ్వు తెరవకముందే ఆలోచించడం అలవాటు చేసుకో, సగం చిరాకు పోతుంది.

నీ పరిశోధన పనికి ఇది కొలిచి చేసినట్టు సరిపోతుంది. ఎడమవైపు పాత పుస్తకం స్కాను, కుడివైపు నువ్వు టైపు చేసే పత్రం. స్కాన్లకు జతూరా అనే పీడీఎఫ్ చదివే ప్రోగ్రాము వాడు. అందులో ఎస్ నొక్కితే పేజీ విండో వెడల్పుకు సరిపోతుంది. మాసిపోయిన పాత కాగితం తెల్లగా కంట్లో పొడుస్తుంటే కంట్రోల్, ఆర్ నొక్కితే రంగులు తిరగబడతాయి. అయితే నీ తెర 1366 పిక్సెళ్లే. రెండుగా చీలిస్తే ఒక్కోదానికి 683 వస్తుంది, మూడోది తెరిచావంటే ఏదీ చదవలేవు. కాబట్టి మూడోది ఎప్పుడూ పక్కన పెట్టకు. నిఘంటువు, సూచికలు, రెండో స్కాను వంటివి ఒకే చోట పెట్టి విన్, డబ్ల్యూ నొక్కు. అవి పుస్తకంలో పేజీల్లా ఒకదాని వెనుక ఒకటి నిలుస్తాయి, పైన పేర్లు మాత్రం కనిపిస్తాయి. విన్, ఇ నొక్కితే మళ్లీ పరుచుకుంటాయి. చిన్న తెరకు ఐ3 ఇచ్చిన అన్నిటికన్నా గొప్ప వసతి ఇదే అని నా గట్టి అభిప్రాయం. విండోల మధ్య ఖాళీలు వదిలే సౌకర్యం 2023లో వచ్చిన 4.22 వెర్షన్ నుంచి ఐ3లోనే కలిసిపోయింది. ఫొటోల్లో అందంగా ఉంటుంది, నిజమే. కానీ నీ తెర మీద ప్రతి పిక్సెలూ అక్షరానికే ఇవ్వు.

ఐ3 లాంటిదే అయిన డీడబ్ల్యూఎం ఇంకా చిన్నదని నీ స్నేహితురాలు చెప్పిందట. నిజమే, 2006లో వచ్చినప్పటి నుంచి దాని సోర్సు 2000 లైన్లు దాటకూడదనే నియమంతో నడుస్తోంది. దానికి విడిగా కాన్ఫిగ్ ఫైలు ఉండదు. సి భాషలో ఉన్న ఒక హెడర్ ఫైలు మార్చి మళ్లీ కంపైల్ చేసుకోవాలి. నాకు ఆ నిష్ఠ మీద గౌరవం ఉంది. కానీ తెలుగు చదివి రాసేవాళ్లకు అది వద్దంటాను. దాని పట్టీ అక్షరాలను గీసే పద్ధతిలో మన లిపికి కావాల్సిన కూర్పు లేదు. ఒత్తులూ గుణింతాలూ అక్షరంతో కలవకుండా చెల్లాచెదురుగా పడతాయి. నువ్వు తెరిచే ప్రతి ఫైలు పేరూ తెలుగులోనే కదా. ఐ3లో ఫాంటు లైనులో పాంగో (అక్షరాలను కూర్చి గీసే లైబ్రరీ పేరు) అని రాసి, కోలన్ పెట్టి, నోటో సాన్స్ తెలుగు, 10 అని రాస్తే చాలు, విండో శీర్షికలన్నీ అచ్చులో ఉన్నట్టు వస్తాయి. పట్టీలో తేదీ, సమయం వంటివి చూపే ఐ3స్టేటస్‌లో తేదీకి వారం పేరు కూడా చేర్చి, లొకేల్ (భాష అమరిక) తెలుగుగా పెడితే నా పట్టీలో ఉన్నట్టే నీ పట్టీలో కూడా 'సోమవారం' అని కనిపిస్తుంది. రోజూ చూస్తున్నా ఆ మాట అక్కడ కనిపించిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది. టెర్మినల్‌లో మాత్రం ఇంత ఆశ పెట్టుకోకు. చాలా టెర్మినళ్లు అక్షరాన్ని గడిలో పెట్టి గీస్తాయి, మన అక్షరం గడిలో ఒదగదు. తెలుగు రాత లిబ్రే ఆఫీస్‌లోనే ఉంచు.

టైపింగు సంగతి జాగ్రత్తగా చదువు, నీకు తెలుగు అక్షరాలు పడకపోవడానికి కారణం ఇదే. మామూలు డెస్క్‌టాప్‌లో, తెలుగు టైపు చేయించే ఐబస్‌ను వెనకాల ఎవరో మొదలుపెట్టి ఉంచుతారు. ఇక్కడ ఆ పని నీదే. ఎగ్జెక్ అనే మాటతో ఐబస్ డీమన్‌ను (వెనకాల నడిచే భాగాన్ని) మొదలుపెట్టే లైను నువ్వే కాన్ఫిగ్‌లో రాయాలి. ఏ కీబోర్డు పద్ధతి వాడాలో ప్రోగ్రాములకు చెప్పే మూడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు లాగిన్ సమయంలో అమరాలి. డెబియన్‌లో, ఉబుంటులో అయితే ఐఎమ్-కాన్ఫిగ్ ఆ పని చేసిపెడుతుంది. ఇవన్నీ చేసినా భాష మారలేదని నేను ఒక పూట అంతా తల పట్టుకున్నాను. చివరికి తేలింది ఏమిటంటే, ఐబస్‌లో భాష మార్చే మీటలు విన్, స్పేస్. ఐ3లో తేలే విండోలకూ పరిచిన విండోలకూ మధ్య మారే మీటలు కూడా అవే. రెండూ ఒకే మీటల కోసం పోటీ పడుతున్నాయి. ఐబస్ అమరికల్లోకి వెళ్లి కంట్రోల్, స్పేస్ చేసుకో, తగవు తీరుతుంది.

ఐబస్ ఒక్కటే కాదు, పెద్ద డెస్క్‌టాప్ మనకు తెలియకుండా చేసిపెట్టే చాకిరీ ఇంకా ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే తెరుచుకోవాలంటే యుడిస్కీ కావాలి. సందేశాలు కనిపించాలంటే డన్‌స్ట్ కావాలి. పాస్‌వర్డు అడిగే చిన్న విండో రావాలంటే పోల్‌కిట్ ఏజెంటు ఒకటి నడుస్తూ ఉండాలి. అది లేకపోతే కొన్ని పనులు ఏ మాటా చెప్పకుండా ఆగిపోతాయి, లోపం ఎక్కడుందో తెలియదు. అన్నీ ఒకేసారి పెట్టకు. నీకు ఏది లోటనిపించిన రోజు దాని లైను ఆ రోజు రాయి. ఎగ్జెక్ అని రాస్తే లాగిన్ అయినప్పుడు ఒకసారే నడుస్తుంది. ఎగ్జెక్ ఆల్వేస్ అని రాస్తే ఐ3ని తిరిగి మొదలుపెట్టిన ప్రతిసారీ నడుస్తుంది. ఆ తేడా తెలియకే నీ ఫైలులో ఒకే ప్రోగ్రాము నాలుగుసార్లు నడుస్తోంది.

మార్చేటప్పుడు ఒక్క లైనే మార్చు. విన్, షిఫ్ట్, సి నొక్కితే ఫైలు మళ్లీ చదువుకుంటుంది. తప్పుంటే పైన ఎర్రటి పట్టీ వచ్చి చెబుతుంది, భయపడకు, తెరిచిన విండోలు ఎక్కడికీ పోవు. పది లైన్లు ఒకేసారి మార్చితే ఏది చెడగొట్టిందో వెతకడానికే సాయంత్రం గడిచిపోతుంది. షార్ప్ గుర్తుతో మొదలైన లైనును ఐ3 పట్టించుకోదు. కాబట్టి ప్రతి మార్పు పైనా ఎందుకు చేశావో, ఏ తేదీన చేశావో తెలుగులో ఒక వాక్యం రాసి పెట్టు. ఆ వాక్యం రాయలేకపోతే ఆ లైను నీది కాదు, తీసేయ్.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి, ఎంత గుర్తుందో. మా గది కిటికీ అద్దం పగిలి రాత్రంతా వాన బల్ల మీదే కురిసింది. కంప్యూటర్ తడిసింది, డిస్కు పోయింది. కరెంటు లేని ఆ రోజుల్లో నాకు గుర్తొచ్చింది బీరువాలో ఉన్న పొడుగు నోటుపుస్తకం. అందులో నా కాన్ఫిగ్ మొత్తం చేత్తో రాసి ఉంది, డెబ్బై లైన్ల పైచిలుకు. కొత్త డిస్కు వచ్చిన రోజు ఆ పేజీలు పక్కన పెట్టుకుని టైపు చేశాను. గంట కాకముందే నా చేతులకు తెలిసిన కంప్యూటర్ తిరిగి వచ్చింది. నీ 640 లైన్లు ఎవరు చేత్తో రాస్తారు? ఆ డిస్కుతో పోయిన పాఠాల నోట్సు మాత్రం తిరిగి రాలేదు. దాని గురించి ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది. అందుకే నీ పరిశోధన ఫైళ్ల నకలు ఒకటి మా ఇంట్లో ఉండాలి. ఇది సలహా కాదు, పెద్దమ్మ మాట.

వర్క్‌స్పేస్‌ల విషయం. ఏ అంకెలో ఏముండాలో ఒకసారి నిర్ణయించుకుంటే మార్చకు. పోపుల పెట్టెలో ఆవాల గిన్నె రోజుకో చోట ఉంటే వంట సాగదు. నాకు 1 బ్రౌజరు, 2 రాత, 3 స్కాన్లు, 9 పాటలు. బ్రౌజరు ఎక్కడ తెరిచినా ఒకటికే వెళ్లేలా అసైన్ అనే లైను రాయవచ్చు. దానికి ఆ ప్రోగ్రాము క్లాసు పేరు తెలియాలి. టెర్మినల్‌లో ఎక్స్‌ప్రాప్ నడిపి ఆ విండో మీద నొక్కితే ఒక లైనులో రెండు పేర్లు చూపిస్తుంది. వాటిలో రెండోది క్లాసు. మొదటిది రాసి పనిచేయలేదని అనుకునేవాళ్లు ఎందరో. ఇంకో చిన్న అమరిక కూడా ఉంది, దాని పేరు వర్క్‌స్పేస్ ఆటో బ్యాక్ అండ్ ఫోర్త్. అది పెడితే ఉన్న అంకెనే మళ్లీ నొక్కినప్పుడు అంతకుముందున్న చోటికి వెళతావు. స్కాను ఒక వర్క్‌స్పేస్ నిండా, రాత ఇంకో వర్క్‌స్పేస్ నిండా పెట్టుకుని ఒకే వేలితో అటూ ఇటూ తిరగవచ్చు. సగం తెరలో అక్షరం ఆనకపోతే నీకు ఇదే మందు.

పాత డెస్క్‌టాప్‌ను అప్పుడే తీసేయకు. లాగిన్ దగ్గర ఏది కావాలో ఎంచుకునే వీలుంది. గైడుకు అధ్యాయం ఇవ్వాల్సిన రోజు ఇక్కడ ఏదైనా మొరాయిస్తే అక్కడికి వెళ్లి పని ముగించుకో.

ఈ వారం నువ్వు చేయాల్సింది ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకోవడం. ఏ మీట దగ్గర చేయి తడబడిందో, ఏ పనికి మౌసు వెతుక్కున్నావో, అప్పటికప్పుడు ఒక ముక్క రాసుకో. వచ్చే ఆదివారం మద్దిలపాలెం వచ్చేటప్పుడు ఆ పుస్తకమూ, స్కాన్లున్న పెన్‌డ్రైవూ తెచ్చుకో. నకలు అప్పుడే తీసుకుంటాను. నీ జాబితాలో అన్నిటికన్నా ఎక్కువసార్లు కనిపించిన చిరాకు ఏదో చూసి దానికి మొదటి లైను ఇద్దరం కూర్చుని రాద్దాం.

మీ అమ్మను అడిగానని చెప్పు.

నీ పెద్దమ్మ