వైపర్ మోటారు అప్పుడే మార్చకండి

ప్రశ్న: నాది 2005 మోడల్ డీజిల్ పికప్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలుతుంటాను. నేను కొనేటప్పటికే డాష్‌బోర్డు కింద వైపర్‌కు విడిగా ఒక స్విచ్ పెట్టి ఉంది. దాన్ని ఆపితే వైపర్ ఎక్కడుంటే అక్కడే, సరిగ్గా కళ్లకు అడ్డంగా నిలబడిపోతోంది. రాత్రి హెడ్‌లైట్లు వేస్తే బాగా నెమ్మదిస్తోంది. మోటారు పోయిందంటున్నాడు మెకానిక్. మార్చమంటారా?
– ఒక డ్రైవర్, పీలేరు

జవాబు: తిరుగుతున్న మోటారును ఎందుకు మార్చడం? ముందు ఆ డాష్‌బోర్డు కింది స్విచ్ సంగతి చూడండి.

ఇలాంటి 12 వోల్టుల బండ్లలో వైపర్ మోటారుకు సాధారణంగా ఐదు వైర్లు వస్తాయి: ఎర్త్ (బండి బాడీ ద్వారా బ్యాటరీ నెగెటివ్‌కు చేరేది), స్లో స్పీడు, ఫాస్ట్ స్పీడు, బండి తాళంచెవి ఆన్ చేయగానే కరెంటు వచ్చే మెయిన్ వైరు, పార్కింగ్ వైరు. అసలు కిటుకంతా ఈ చివరిదానిలో ఉంది. మీరు వైపర్ ఆపగానే స్టీరింగ్ దగ్గరి స్విచ్ స్లో వైరును తీసుకెళ్లి పార్కింగ్ వైరుకు కలుపుతుంది. మోటారు గేరు మీదున్న రాగి రేకు, వైపర్ కిందికి దిగేదాకా ఆ వైరుకు కరెంటు అందిస్తుంది. దిగగానే ఎర్త్‌కు మారుస్తుంది. దాంతో మోటారు బ్రేకు పడ్డట్టు ఆగుతుంది.

స్టీరింగ్ స్విచ్ పాడైనప్పుడు ఎవరో దాన్ని వదిలేసి, మామూలు ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టి స్లో వైరుకు నేరుగా కరెంటు ఇచ్చుంటారు. అది కరెంటు తీసేస్తుందే గానీ పార్కింగ్ వైరును కలపదు. ఇక వైపర్ కిందికెలా దిగుతుంది? కొత్త మోటారు వేసినా ఇదే తంతు.

కొత్త కాంబినేషన్ స్విచ్ (స్టీరింగ్ దగ్గరుండేది) దొరికితే అదే వేయించండి. దొరక్కపోతే ఆటో ఎలక్ట్రికల్ షాపులో 20 ఆంపియర్ల టూ వే స్విచ్ అడగండి. మేడమెట్ల లైటుకు వాడేది కాదు, బండ్లకు వాడే డీసీ స్విచ్. మధ్య కాలుకు మోటారు స్లో వైరు, ఒక పక్క ఫ్యూజు దాటి వచ్చే మెయిన్, రెండో పక్క పార్కింగ్ వైరు కలపాలి. పాత స్టీరింగ్ స్విచ్ నుంచి వచ్చే స్లో వైరును కత్తిరించి టేపు చుట్టేయాలి, లేకుంటే రెండు స్విచ్‌లూ కొట్టుకుంటాయి. ఇలా చేస్తే ఒక్క స్పీడే ఉంటుంది. మీ బండికి అది చాలు.

ఏ వైరు ఏదో రంగు చూసి నమ్మకండి. ఇన్నేళ్లలో ఎంతమంది చేతులు పడ్డాయో! టెస్ట్ ల్యాంప్ (ఒక కొసకు క్లిప్పు, రెండో కొసకు సూది ఉండే చిన్న బల్బు) తీసుకుని క్లిప్పును బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టి, సూదిని వైర్లకు ఆనించి చూడండి. మల్టీమీటర్ వద్దనడానికి కారణముంది: తుప్పు పట్టి అంటీ అంటనట్టున్న జాయింట్ దగ్గర కూడా అది 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు మాత్రం అక్కడ సరిగా వెలగదు. వైపర్ సగంలో ఉండగా తాళంచెవి ఆఫ్ చేయండి. తర్వాత వైపర్ స్విచ్ ఆపి, మళ్లీ తాళంచెవి ఆన్ చేయండి. మెయిన్ వైరు మీద బల్బు వెలగకపోతే ఫ్యూజు గానీ వైరు గానీ పోయినట్టు. మెయిన్ వెలిగి పార్కింగ్ వైరు వెలగకపోతే ఆ రాగి రేకు మాసిందో అరిగిందో; బ్యాటరీ వైరు తీసి, మోటారు మూత విప్పి, జీరో నంబర్ గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి. పార్కింగ్ వెలిగి స్లో వైరు వెలగకపోతే లోపం స్విచ్‌లోనో, మధ్య జాయింట్‌లోనో ఉంది. చేతులు మాత్రం వైపర్ రాడ్లకు దూరంగా పెట్టుకోండి, ఎప్పుడు కదులుతాయో తెలియదు.

ఇక హెడ్‌లైట్లు వేస్తే నెమ్మదించడం. అది ఎక్కువగా ఎర్త్ తుప్పు వల్లే. ఈ పనికి మల్టీమీటరే కావాలి. లైట్లు, వైపర్ రెండూ నడుస్తుండగా మోటారు ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య కొలవండి. అర వోల్టు దాటితే ఎర్త్ బోల్టు విప్పి, పెయింటు, తుప్పు గీకి బిగించండి. ఎర్త్ బాగుందంటే ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జి చేసేది) వైపు చూడాలి. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ మీద 14 వోల్టుల దగ్గర రావాలి. రాడ్ల కీళ్లలో ఒక చుక్క ఆయిల్ కూడా వేయండి. అవి బిగుసుకుపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఫ్యూజులు ఊరికే పోతుంటాయి. అలా పోతున్నాయని పెద్ద ఫ్యూజు వేస్తే వైరింగే కాలుతుంది.

పనిలో వైపర్ చేతులు (బ్లేడును పట్టుకునే కడ్డీలు) విప్పి ఉంటే, పనంతా అయ్యాక మోటారును ఒకసారి తిప్పి ఆపి, అది పార్కింగ్‌లోకి వచ్చాకే వాటిని బిగించండి.