నాలుగు పేజీలు రాయిస్తేనే చదువా?

ప్రశ్న: మా పాపకు మూడున్నరేళ్లు. ఇంటి పక్కనే అంగన్‌వాడీ ఉంది. మా అత్తమ్మ మాత్రం ప్రైవేటు బడిలో ఎల్‌కేజీకి వేయమంటోంది, అక్కడ రోజూ నాలుగు పేజీలు రాయిస్తారట. ఈ వయసులో బడికి పంపితే పెద్దయ్యాక నిజంగా పనికొస్తుందా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: పనికొస్తుంది. అయితే ఆ నాలుగు పేజీల వల్ల కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని యిప్సిలాంటి ఊళ్లో 1962లో పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం మొదలైంది. పేదింటి పిల్లలు 123 మందిలో 58 మందిని బడిలో చేర్చుకున్నారు. పొద్దున రెండున్నర గంటలు బడి, వారానికోసారి టీచరు ఇంటికే వెళ్లి తల్లీబిడ్డలతో గంటన్నర గడపడం. పిల్లల ఐక్యూ (తెలివితేటల కొలత) మొదట బాగా పెరిగింది, పదేళ్లు వచ్చేసరికి ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. పథకం దండగే అనుకోవాల్సిన చోటు అది. కానీ నలభయ్యో ఏట చూస్తే బడికి వెళ్లినవాళ్ల సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ. పెట్టిన డబ్బుకు ఏటా 7 నుంచి 10 శాతం రాబడి వచ్చిందని ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ బృందం లెక్క తేల్చింది. ఓపిక, పట్టుదల, నలుగురితో కలిసి మెలగడం – పిల్లలకు చివరిదాకా నిలిచినవి ఇవేనని ఆయన వాదన.

అలాగని ఏ బడైనా ఒకటే కాదు. అమెరికాలోనే టెనెసీ రాష్ట్రంలో ప్రభుత్వ ప్రీ-కె (నాలుగేళ్ల పిల్లల) బడులకు వెళ్లిన పిల్లలు, ఆరో తరగతికి వచ్చేసరికి వెళ్లనివాళ్ల కంటే మార్కుల్లో వెనకబడ్డారు. అందుకే బోర్డు చూసి చేర్చకండి. పొద్దున పదింటికి వెళ్లి అరగంట కూర్చోండి. పిల్లలు మాట్లాడుతున్నారా, టీచరొక్కరే మాట్లాడుతున్నారా? అదొక్కటి గమనిస్తే చాలా తెలుస్తుంది. మూడున్నరేళ్ల వేళ్లకు పెన్సిలు మీద పట్టు ఉండదు. పిండి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితాలు చించి అతికించడంతోనే ఆ పట్టు వస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటపాటల పునాది దశే అంటోంది.

ప్రశ్న: మా కేంద్రంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 22 మంది ఉన్నారు. రిజిస్టర్లు, యాప్, వంట చూసుకునేసరికి పాఠానికి పొద్దు చాలదు. ఏం చేయాలి?
– ఒక అంగన్‌వాడీ కార్యకర్త, కళ్యాణదుర్గం

జవాబు: తప్పు మీది కాదు. తమిళనాడులో 640 అంగన్‌వాడీలపై జరిగిన పరిశోధనలో, కొన్ని కేంద్రాలకు సగం పూట పనిచేసే మనిషిని అదనంగా ఇస్తే బోధన సమయం రెట్టింపైంది. లెక్కలు, భాష మెరుగుపడ్డాయి, పోషకాహార లోపమూ తగ్గింది. ప్రభుత్వాలు కొత్త యాప్‌ల కంటే ముందు ఆలోచించాల్సింది ఈ సంగతే.

అది వచ్చేదాకా, ముప్పావు గంట మాత్రం దేనికీ వదులుకోకండి. పిల్లల్ని మూడు గుంపులు చేయండి. ఒక గుంపు మీ దగ్గర, మిగతా రెండూ ఆయా కంటిముందు బంకమట్టితోనో, చెక్క దిమ్మెలతోనో ఆడుకుంటాయి. పావుగంటకోసారి గుంపు మార్చండి. వారమంతా ఒకే కథ చాలు. తొలిరోజు చెప్పండి, మర్నాడు బొమ్మలు చూపి అడగండి, ఆ తర్వాత పిల్లల చేతే చెప్పించండి.

అందరి చేతా ఒక్క గొంతుతో ఒకట్లు చెప్పించడం దగ్గరే మోసపోతాం. పది దాకా గడగడా చెప్పే నాలుగేళ్ల బిడ్డను ‘ఐదు చింతగింజలు ఇవ్వు’ అని అడిగి చూడండి. గుప్పెడు తీసి మీ చేతిలో పోస్తుంది. పేర్లు వచ్చాయి, లెక్క రాలేదు. రెండుతో మొదలుపెట్టి, గింజ గింజా ముట్టించి, ఆఖర్న ‘మొత్తం ఎన్ని?’ అని అడగాలి. మూడేళ్లలోపు వాళ్లు ఉంటే గింజలు, చెనక్కాయలు అందనివ్వకండి, గొంతులో ఇరుక్కుంటాయి. వాళ్లకు పెద్ద మూతలు ఇవ్వండి.

ప్రశ్న: ఏటా సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతకు పోతాం. రెండేళ్ల పిల్లోడు మా వెంటే ఉంటాడు. అంగన్‌వాడీ తిండి పోయినట్టేనా?
– ఒక కూలీ, కోసిగి

జవాబు: పోదు. అంగన్‌వాడీ పిల్లల వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో బిడ్డ పేరును వేరే కేంద్రానికి మార్చే వీలుంది. బయల్దేరే ముందే మీ కార్యకర్తకు చెప్పండి. ఆధార్, టీకా కార్డు వెంట తీసుకెళ్లండి. మూడేళ్లలోపు బిడ్డకు తగినన్ని కేలరీలు, మాంసకృత్తులు అందేలా ఇంటికి సరుకివ్వాలని ఆహార భద్రతా చట్టమే చెబుతోంది. పోయేముందు, వచ్చాక జబ్బ చుట్టుకొలత తీయించండి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తిండి ఒక్కటే చాలదు. జమైకాలో ఎదుగుదల లేని పిల్లల ఇళ్లకు వారానికో గంట ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వెళ్లి, ఇంట్లో చేసిన బొమ్మలతో ఆడించడం, మాట్లాడించడం తల్లులకు నేర్పారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ సాయం అందని పిల్లల కంటే వీళ్ల సంపాదన 25 శాతం ఎక్కువైంది. పాలపొడి మాత్రమే అందుకున్నవాళ్లలో ఆ తేడా కనబడలేదు. కాబట్టి రాత్రి సంగటి తినిపిస్తూ ఫోను చేతికివ్వకండి. చేలో ఏం చూశాడో అడగండి, వాడు ఒక మాటంటే మీరు రెండు మాటలు కలిపి చెప్పండి.