కొత్త తాబేలు మేత ముట్టడం లేదా? ముందు పెట్టెలో వేడి చూడండి

ప్రశ్న: హెర్మన్ జాతి నేల తాబేలు పిల్లను తెచ్చి పది రోజులైంది. డిప్ప పొడవు 9 సెంటీమీటర్లు, బరువు 160 గ్రాములు. గాజు తొట్టెలో మామూలు బల్బు కింద ఉంచాం. రోజంతా ఒక మూలన ముడుచుకుని ఉంటోంది. మనిషి కనిపిస్తే చాలు, తల లోపలికి లాక్కుంటోంది. లెట్యూస్, టమాటా, దోస ముక్కలు పెడితే వాసన చూసి వదిలేస్తోంది. పిల్లలు రోజూ చేతిలోకి తీసుకుని తినిపించాలని చూస్తున్నారు. నోరు తెరిచి పెట్టవచ్చా? తోడుగా ఇంకొకటి తెస్తే బెరుకు పోతుందా?

జవాబు: నోరు తెరిచి పెట్టవద్దు, తోడు తేవద్దు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అది తినకపోవడానికి మేత కారణం కాదు. పెట్టెలో వేడి చాలడం లేదు, దాన్ని ఒంటరిగా వదలడం లేదు. ఈ రెండూ సరిచేస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్ల చాలావరకు ఒకటి రెండు వారాల్లో తనంతట తానే మేతకు వస్తుంది. చోటు మారిన తాబేలు పూర్తిగా కుదురుకోవడానికి నెల కూడా పట్టవచ్చు. అందువల్ల పది రోజులు ముడుచుకుని ఉండటం ఒక్కటే జబ్బు లక్షణం కాదు.

తాబేలు ఒంట్లో వేడి పుట్టదు, బయటి నుంచే తీసుకోవాలి. ఒళ్లు వెచ్చబడనిదే పేగులు కదలవు, అరిగించే రసాలు పనిచేయవు, ఆకలీ వేయదు. చల్లటి ఒంటితో బలవంతాన మింగినా ఆ మేత కడుపులోనే పులిసిపోతుంది. మీ తాబేలు జాతికి 10 నుంచి 18 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత అన్నిటికన్నా చెడ్డది. శీతాకాలపు నిద్రలోకి జారేంత చల్లదనం కాదు, మేత అరిగేంత వెచ్చదనమూ కాదు. అలాంటి గదిలో తాబేలు మెలకువగానే ఉండి, ఒంట్లోని నిల్వలు కరిగించుకుంటూ నీరసిస్తుంది.

ఈరోజే చేయాల్సింది కొలత. గోడకు తగిలించిన థర్మామీటర్ గది గాలి వేడి చెబుతుంది, తాబేలు వీపు మీద పడే వేడి చెప్పదు. తీగ చివర ప్రోబ్ (వేడి కొలిచే మొన) ఉన్న డిజిటల్ థర్మామీటర్ తీసుకుని, ప్రోబ్‌ను దీపం కింద తాబేలు వీపు ఎత్తులో పెట్టి గంట తరువాత చూడండి. అక్కడ 32 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. తొట్టెకు అవతలి కొసన 22 నుంచి 24 చాలు. రాత్రి దీపాలు ఆర్పేశాక 18 దాకా దిగినా పరవాలేదు. అంతకన్నా తగ్గే గది అయితే వెలుతురు ఇవ్వని సిరామిక్ హీటర్‌ను, వేడిని హద్దులో ఉంచే థర్మోస్టాట్‌తో కలిపి వాడండి. ఒక కొస వేడిగా, మరో కొస చల్లగా ఉంటే ఎప్పుడు కాగాలో, ఎప్పుడు పక్కకు పోవాలో తాబేలే చూసుకుంటుంది. తొట్టె అంతా ఒకే వేడి ఉంటే దానికి ఆ వీలుండదు. సల్కాటా, లెపర్డ్, రెడ్‌ఫుట్ జాతుల్ని పెంచేవారు రాత్రికి చెప్పిన ఈ లెక్క పాటించకూడదు. వాటికి రాత్రి కూడా 20 డిగ్రీలకు పైనే ఉంచాలి. అవి శీతాకాలపు నిద్రకు వెళ్లే జాతులు కావు.

వేడికి తెల్లటి వెలుగిచ్చే ఫ్లడ్ బల్బు (వెలుగును, వేడిని వెడల్పుగా పరిచేది) మంచిది. తొట్టె పరిమాణాన్ని, గది చలిని బట్టి 75 లేదా 100 వాట్లు. దాన్ని గొలుసుతో పైనుంచి నిటారుగా వేలాడదీసి, ఎత్తు పెంచుతూ తగ్గిస్తూ పైన చెప్పిన వేడికి తెచ్చుకోండి. కరెంటు తీగ మీదే వేలాడదీస్తే ఎప్పుడో ఒకరోజు ఊడి తొట్టెలో పడుతుంది. ఎర్ర బల్బు వద్దు. ఆ వెలుగులో ఆకు ఆకులా కనబడదు, తాబేలు మేతను ఎంచుకునేది చాలావరకు రంగును చూసే. కింద పెట్టే వేడి రాళ్లు కూడా వద్దు. తాబేలుకు వీపు మీద పడే వేడి తెలిసినంతగా పొట్ట కింది వేడి తెలియదు, కాలిపోయేదాకా దాని మీదే కూర్చుంటుంది.

మామూలు బల్బులో దొరకనిది అతినీలలోహిత బి (యూవీబీ) కిరణం. చర్మంలో డి3 విటమిన్ తయారు కావాలంటే అది కావాలి. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, డిప్ప మెత్తబడుతుంది, కండరాలు సడలి తాబేలు నడవడానికి, నమలడానికి కూడా ఓపిక లేకుండా పోతుంది. కిటికీ గాజు ఈ కిరణాన్ని దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది కాబట్టి కిటికీ పక్కన పెట్టామంటే సరిపోదు. పైగా ఎండలో గాజు తొట్టె నిమిషాల్లో పొయ్యిలా కాగి తాబేలును చంపేస్తుంది. సరీసృపాల కోసం చేసిన, 10 లేదా 12 శాతం యూవీబీ అని రాసి ఉన్న టీ5 (సన్నటి ఫ్లోరొసెంట్) ట్యూబును వేడి బల్బు పక్కనే, తాబేలు వీపుకు 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో, తయారీదారు చెప్పిన దూరం ప్రకారం బిగించండి. మధ్యలో జాలీ ఉంటే బలం బాగా తగ్గిపోతుంది. వెలుగు మామూలుగానే కనిపించినా కిరణాల బలం కాలంతో తగ్గుతుంది, ఏడాదికోసారి ట్యూబు మార్చాలి. రెండు దీపాలకూ ఒక టైమర్ పెట్టి రోజుకు 12 గంటలు, ప్రతిరోజూ ఒకే వేళకు వెలిగించండి. పగలు పొట్టిగా, గది చల్లగా అనిపిస్తే మీ జాతి తాబేలు శీతాకాలం వచ్చిందనుకుని మేత మానేస్తుంది. కొత్తగా వచ్చి ఇంకా తినని పిల్లను ఈ ఏడాది నిద్రకు పంపకూడదు. అలాంటి లక్షణాలు కనిపిస్తే వెలుగును 14 గంటలకు పెంచండి.

ఇక బెరుకు సంగతి. నేల తాబేలు పిల్లకు శత్రువు పైనుంచి కూడా వస్తుంది. తొట్టె మీద వాలిన నీడ, పైనుంచి దిగే చెయ్యి దానికి గద్దతో సమానం. చేతిలోకి ఎత్తితే భయంతో మూత్రం వదిలేస్తుంది. ఆ మూత్రాశయమే దాని నీటి నిల్వ. రోజూ ఎత్తితే రోజూ ఆ నిల్వ ఖాళీ అవుతుంది. కాబట్టి నానబెట్టడానికి, తూకానికి తప్ప రెండు వారాలపాటు ఎవరూ ముట్టుకోకూడదు. ఎత్తాల్సి వచ్చినప్పుడు పక్కనుంచి నెమ్మదిగా చెయ్యి పోనిచ్చి, పొట్ట కింద అరచేయి ఆనించి లేపండి. పిల్లలకు ఇది ఒప్పించడం కష్టమే. మేత గిన్నె పెట్టే పని వాళ్లకిచ్చి, పెట్టి దూరంగా కూర్చుని చూడమనండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆరోగ్యంగా కనిపించే తాబేలు పేగుల్లోనూ మనిషికి జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు. అయిదేళ్లలోపు పిల్లల్ని దాని దగ్గరికి అసలు రానివ్వకపోవడమే మేలు.

గాజు గోడ తాబేలుకు అర్థం కాదు. అవతల కనిపించేదాని కోసం గోడను గీరుతూ తిరుగుతుంది, లేదా నలువైపులా కదిలే మనుషుల్ని చూసి ముడుచుకుంటుంది. తొట్టె కింది భాగం 15 సెంటీమీటర్ల మేర మూడు వైపులా బయటినుంచి ముదురు కాగితం అంటించండి. వీలైతే 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పున్న చెక్క పెట్టెకు మార్చండి. మాట్లాడే టీవీ పక్కన, తలుపు ధడేలుమనే చోట పెట్టకండి, నేల అదురు తాబేలుకు బాగా తెలుస్తుంది. వేడి కొసన ఒకటి, చల్లటి కొసన ఒకటి, రెండు దాక్కునే గూళ్లు ఉండాలి. ఒక్కటే ఉండి, అది చల్లటి కొసన ఉంటే, భయపడిన తాబేలు భద్రత కోసం వేడిని వదులుకుంటుంది, దాంతో ఆకలి రాదు. మీ దగ్గర జరుగుతున్నది బహుశా ఇదే. కింద మందుల్లేని మట్టిలో కొబ్బరి పొట్టు కలిపి 10 సెంటీమీటర్ల మందాన పరవండి. చల్లటి కొసనున్న గూట్లో ఆ పరుపును చేత్తో పిండితే నీరు కారనంత తడిగా ఉంచండి. పిల్ల వయసులో గాలి మరీ పొడిగా ఉంటే డిప్ప మీద గడులు గుట్టల్లా పెరుగుతాయి, తరువాత అవి చదునుకావు. ఒకసారి ఇవన్నీ అమర్చాక పదేపదే మార్చవద్దు. రోజుకో కొత్త అమరిక అంటే తాబేలుకు రోజూ కొత్త ఇల్లే.

మేతకు ముందు నీళ్లు. ఉదయం దీపాలు వెలిగిన గంటకు, పల్లెంలో 28 నుంచి 30 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు పోసి 15 నుంచి 20 నిమిషాలు నానబెట్టండి. పై డిప్ప, కింది డిప్ప కలిసే గీత వరకే నీళ్లు. తల ఎత్తి ఉంచగలగాలి. ఆ నీళ్లలోనే తాగుతుంది, విసర్జన చేస్తుంది. మూత్రంతో తెల్లటి ముద్ద వస్తే భయం లేదు, అది యూరేట్ అనే మామూలు వ్యర్థం. పెరుగులా మెత్తగా ఉంటే ఒంట్లో నీరు సరిపడా ఉన్నట్టు. ఇసుకలా గరుకుగా, సున్నంలా గట్టిగా వస్తే నీరు చాలడం లేదు. కుదురుకునే వరకు రోజూ నానబెట్టి, తరువాత వారానికి రెండు మూడుసార్లకు తగ్గించవచ్చు.

నానబెట్టాక తుడిచి దీపం కింద వదిలి, అరగంట తరువాత మేత పెట్టండి. రోజూ అదే వేళ, అదే చోట, చదునైన పలకరాయి మీదో టైలు మీదో. నేల మీద పెడితే ఆకుతోపాటు మట్టి మింగి పేగు పట్టేయవచ్చు. పెట్టి వెళ్లిపోండి. సాయంత్రం మిగిలింది తీసేయండి.

మీరు పెడుతున్న లెట్యూస్, టమాటా, దోసల్లో నీరే ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. హెర్మన్ తాబేలుకు కావాల్సింది పీచు ఎక్కువ, చక్కెర తక్కువ ఉన్న వెడల్పాటి ఆకులు, కలుపు మొక్కలు: డాండెలియన్ (పసుపు పూల కలుపు మొక్క), ప్లాంటగో (ఇసబ్గోల్ కుటుంబపు కలుపు మొక్క), మల్బరీ ఆకు, మందార ఆకు, పువ్వు, ముళ్లు తీసిన నాగజెముడు మట్ట. కాల్షియం భాస్వరానికి కనీసం రెట్టింపు ఉండాలన్నది లెక్క. మందులు కొట్టని చోట కోసినవే వాడండి. ముందు యజమానిని లేదా అమ్మినవారిని అడిగి, అక్కడ ఏం తిన్నదో అదే మొదటివారం పెట్టండి, అది అంత మంచి మేత కాకపోయినా. తినడం మొదలయ్యాక ఆ పాత మేతలో కొత్త ఆకును సన్నగా తరిగి కలుపుతూ, రెండు మూడు వారాల్లో పూర్తిగా మార్చేయండి.

ఆకర్షణకు ఎరుపు, పసుపు రంగులు బాగా పనిచేస్తాయి. తరిగిన ఆకుల మీద ఒక మందార రేకు, పసుపు డాండెలియన్ పువ్వు వేసి చూడండి. దోస తురుము చిటికెడు కలిపితే వాసనకు వస్తుంది, కానీ దాన్ని ఎరగానే వాడాలి. పండ్లు పెడితే తింటుంది, అందుకే పెట్టకూడదు. ఈ జాతి పేగులో చక్కెర పులిసి విరేచనాలు పడతాయి, పురుగులు పెరుగుతాయి, ఆపై తీపి తప్ప ఆకు ముట్టదు. రెడ్‌ఫుట్ జాతి వేరు, దానికి పండు కొంత ఉండాలి. పాలు, రొట్టె, అన్నం, కుక్క పిల్లుల మేత, అవకాడో, ఉల్లి, టమాటా మొక్క ఆకులు ఏ తాబేలుకూ వద్దు. పాలకూరలో ఉండే ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, రోజువారీ మేతగా పనికిరాదు. తినడం మొదలయ్యాక భాస్వరం లేని కాల్షియం పొడి చిటికెడు వారానికి మూడు నాలుగుసార్లు చల్లండి. ఇప్పుడే చల్లితే ఆ రుచికి ఉన్న కాస్త ఆసక్తీ పోవచ్చు.

తోడు విషయం. తాబేలుకు స్నేహం అవసరం లేదు. ఇంకొకటి వస్తే వేడి చోటు, మేత రాయి బలమైనది ఆక్రమిస్తుంది, బెరుకుది గూట్లోంచి బయటికే రాదు. చూసేవారికి రెండూ పక్కపక్కనే పడుకున్నట్టు కనిపించినా చాలాసార్లు అది పోటీయే. పైగా కొత్తది రోగం తేవచ్చు. ఎప్పుడైనా తెచ్చినా కనీసం మూడు నెలలు వేరే గదిలో, వేరే పాత్రలతో ఉంచాలి.

ఎన్నాళ్లు ఆగవచ్చో తూకమే చెబుతుంది. గ్రాముల వరకు చూపే వంటింటి త్రాసు మీద వారానికి రెండుసార్లు, నానబెట్టడానికి ముందు తూచి రాసిపెట్టుకోండి. మూత్రం పోసినప్పుడు కొన్ని గ్రాములు తగ్గుతాయి, ఒక్క తూకం చూసి బెంబేలెత్తవద్దు. వరుసగా తగ్గుతూ 152కు వస్తే పశువైద్యుడితో మాట్లాడండి, 144కు దిగితే ఆలస్యం వద్దు. వేడి, వెలుగు సరిచేసిన తరువాత వారం పది రోజులకూ ఒక్క ఆకైనా కొరకకపోతే బరువు నిలకడగా ఉన్నా చూపించాలి. పెద్ద తాబేలు వారాలు ఓర్చుకోగలదు, 160 గ్రాముల పిల్లకు అంత నిల్వ ఉండదు.

ముక్కులో బుడగలు, నోరు తెరిచి లేదా మెడ చాచి ఊపిరి తీయడం, మూసుకుని వాచిన కళ్లు, నోట్లో పసుపు తెలుపు పొర, వేలితో నొక్కితే వంగే డిప్ప, పలచటి విరేచనం కనిపిస్తే తూకం కోసం ఆగకండి. సరీసృపాలు చూసే వైద్యుడి దగ్గరికే తీసుకెళ్లండి. గొట్టంతో తినిపించాల్సి వస్తే ఆయనే చేయాలి, ఇంట్లో సిరంజితో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పశువులున్న ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది: నులిపురుగులకు ఆవులకు, గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ తాబేలుకు ప్రాణాంతకం, చుక్క కూడా వేయకూడదు. పేడ పరీక్షలో పురుగులు తేలితే వైద్యుడు వేరే మందును బరువు ప్రకారం ఇస్తారు. వెళ్లేటప్పుడు తాజా పేడ మూతడబ్బాలో, తూకాలు రాసిన కాగితం, పెట్టె లోపలి ఫోటో, దీపాల పెట్టెల మీది వివరాలు తీసుకెళ్లండి. తాబేలును కాగితం పరిచిన, గాలి ఆడే అట్టపెట్టెలో, గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టి తీసుకెళ్లాలి.