వీడియో ఉంది, మణికట్టు విరిగింది, అయినా కేసు ఎలా ఓడిపోయారు?

మీ ప్రశ్న ఇదీ: 1989లో అమెరికాలోని శాన్ డియాగోలో అబార్షన్లు చేసే క్లినిక్‌ల దగ్గర బైఠాయించిన ఆపరేషన్ రెస్క్యూ అనే అబార్షన్ వ్యతిరేక సంస్థ వాళ్లను పోలీసులు నంచాకులనే కర్రలతో చేతులు మెలిపెట్టి లేపారు, వాళ్లు సిటీ మీద వేసిన కేసు 1994లో అప్పీలు కోర్టులో కూడా పోయింది, జడ్జీలు అబార్షన్ వైపు కాబట్టేనా అని.

ఒకసారి జ్యూరీలో (కేసు విని తీర్పు చెప్పడానికి కోర్టు పిలిచే మామూలు పౌరుల బృందంలో) కూర్చోకపోయి ఉంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నేను లాయర్‌ని కాను, కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సిటిజన్‌షిప్ వచ్చిన రెండో ఏడాదే ఫెడరల్ కోర్టు నుంచి జ్యూరీ డ్యూటీకి పిలుపొచ్చింది. రోజుకి 50 డాలర్లు ఇస్తారు, ఆఫీసులో పని మాత్రం అలాగే పేరుకుపోతుంది, అందుకని తప్పించుకుందామనే వెళ్లాను. ఇంట్లో పోలీసులెవరైనా ఉన్నారా అని జడ్జిగారు అడగ్గానే, మా బాబాయి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడండీ అని ఉత్సాహంగా చెప్పాను, ఇంక ఇంటికి పంపేస్తారని. పంపలేదు!

మాది అబార్షన్ కేసు కాదు. ఇళ్లు ఖాళీ చేయించొద్దంటూ ఒక ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాయన, పోలీసులు తన మణికట్టు విరిచారని ముగ్గురు ఆఫీసర్ల మీద దావా వేశాడు. నలభై సెకన్ల వీడియో. ఆయన లాయరు దాన్ని స్లో మోషన్‌లో వేశాడు: బొటనవేలిని ముంజేతి వైపు వంచడం, ఆయన నోరు తెరుచుకోవడం, చొక్కా జేబులోంచి పెన్ను జారి ఒక్కో మెట్టూ దొర్లుకుంటూ పోవడం. కడుపులో తిప్పింది. మధ్యాహ్నం పోలీసుల లాయరు అదే క్లిప్‌ని మామూలు స్పీడులో, సౌండుతో వేశాడు. "లేవండి, లేవకపోతే నొప్పెడుతుంది" అని ఆఫీసరు మూడుసార్లు చెప్పడం వినిపించింది. పొద్దున చూసింది ఇదేనా అనిపించింది. మూడో రోజుకి నా చూపు చేతి మీద నిలవడం మానేసి ఆ పెన్ను వెంటే పోయేది.

శాన్ డియాగోలోనూ దాదాపు ఇదే కథ. వాళ్లు గుమ్మాలకు అడ్డంగా కూర్చున్నారు, లేవమంటే లేవలేదు. కొట్టడానికి కాదు, మణికట్టు చుట్టూ వేసి బిగించడానికి వాడారు ఆ నంచాకుల్ని. రెండు కర్రముక్కలు, మధ్యలో తాడు, మనకు బ్రూస్ లీ చేతిలో చూసి తెలిసినవే. ముందు హెచ్చరిక, తర్వాత బిగింపు, లేస్తే వదలడం. కమిలిన చేతులు, ఒకరికి నరం నొక్కుకుపోవడం, ఒకరికి మణికట్టు విరగడం, ఇవన్నీ రికార్డులో ఉన్నాయి. జ్యూరీ వీడియోలు చూసింది, చూశాక కూడా బలప్రయోగం మితిమీరలేదంది. కాబట్టి ఆ మాట ముందు అన్నది జడ్జీలు కాదు, జ్యూరీ. అప్పీలు కోర్టు, జ్యూరీ అలా తేల్చడానికి తగిన సాక్ష్యం ఉందంది.

అక్కడ అడిగే ప్రశ్న "నొప్పి పుట్టిందా" అని కాదు. 1989లోనే సుప్రీంకోర్టు గ్రాహం వర్సెస్ కానర్ అనే కేసులో (షుగర్ పడిపోయి ఆరెంజ్ జ్యూస్ కోసం షాపుకి పరిగెత్తిన మనిషిని పోలీసులు అనుమానించి పట్టుకున్న కేసు) ఒక కొలత పెట్టింది. ఆ క్షణంలో ఆ ఆఫీసరు స్థానంలో ఉన్నవాడికి ఆ బలం సమంజసంగా ఉందా లేదా, చూడాల్సింది అదీ. ఇంకాస్త మెత్తగా చేయొచ్చు కదా అన్నంత మాత్రాన సరిపోదు.

నాకు ముందు మింగుడుపడనిది ఈ ముక్కే. ఇందిరా పార్క్ ధర్నాచౌక్ దగ్గర కూర్చున్నవాళ్లను నలుగురు కానిస్టేబుళ్లు కాళ్లూ చేతులూ పట్టుకుని వ్యాన్లో పడేయడం చూసి పెరిగినవాణ్ణి, ఇక్కడ మాత్రం ఎత్తుకెళ్లలేరా అనిపించింది. ఎత్తొచ్చు. కానీ ఎత్తడమొక్కటే దారి అని చట్టం చెప్పదు.

మరి నిరసనకారులు ఎప్పుడూ ఓడిపోవాల్సిందేనా? కాదు. 1997లో ఉత్తర కాలిఫోర్నియాలోని హంబోల్ట్ కౌంటీలో రెడ్‌వుడ్ చెట్లు నరకొద్దని, ఇనుప గొట్టాల్లో చేతులు పెట్టి ఒకరికొకరు లాక్ చేసుకుని కూర్చున్నవాళ్ల కళ్ల దగ్గర పోలీసులు పెప్పర్ స్ప్రే ద్రావణాన్ని దూది పుల్లలతో పూశారు. శాన్ డియాగో తీర్పు తమకూ వర్తిస్తుందన్నారు అధికారులు. అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు: అక్కడ లేవగానే పట్టు వదిలితే నొప్పి ఆగుతుంది, ఇక్కడ పూసిన మందు మంటపెడుతూనే ఉంటుంది. మొదటి జ్యూరీ చెరిసగంగా చీలిపోయింది, చివరికి 2005లో నిరసనకారులే గెలిచారు. నష్టపరిహారం తలా ఒక డాలరు. ఎనిమిదేళ్లు తిరిగి ఒక్క డాలరా అని నవ్వకండి, గెలిచినవాళ్ల లాయరు ఫీజు ఎదుటివాళ్ల చేత కట్టించే చట్టం 1976 నుంచే ఉంది, సిటీలకు అసలు దడ దాని గురించే.

మీరు జడ్జీల పక్షపాతం అన్నారు కదా, నా పక్షపాతం సంగతి చెప్తాను. అబార్షన్ విషయంలో నేను ఆడవాళ్ల హక్కు వైపే. శాన్ డియాగో కేసు మొదటిసారి చదివినప్పుడు, పేషెంట్లకు అడ్డంగా కూర్చుంటే చేయి తిప్పరా మరి అనుకున్నాను. మా కేసులో ఇల్లు పోతున్న మనిషి కోసం కూర్చున్నాయన మీద జాలేసింది. చేయి అదే, తిప్పిన తీరూ దాదాపు అదే. జ్యూరీ గదిలో ఒక పెద్దావిడ, "ఆయన మీకు నచ్చని పని కోసం కూర్చుని ఉంటే?" అని సూటిగా అడిగింది. అందరం కాఫీ కప్పులు చూసుకున్నాం.

మా ఎనిమిదిమందిమీ ఒకటిన్నర రోజు కొట్టుకున్నది నాలుగు సెకన్ల దగ్గర. ఆయన "లేస్తాను, లేస్తాను" అన్నాక కూడా ఒక ఆఫీసరు వదలలేదు. అప్పటిదాకా జరిగింది సరే, ఆ నాలుగు సెకన్లు మాత్రం సరికాదని చివరికి అందరం ఒప్పుకున్నాం. సివిల్ కేసుల్లో ఇంచుమించు 51 శాతం నమ్మకం చాలు, కానీ ఫెడరల్ జ్యూరీలో అందరూ ఒకే మాట మీదకు రావాలి. మితిమీరిన బలం వాడారా అని అడిగే తీర్పు ఫారంలో ఇద్దరు ఆఫీసర్ల పేర్ల పక్కన "కాదు", ఒకరి పక్కన "అవును" అని టిక్ పెట్టాం. నష్టపరిహారం కింద ఆస్పత్రి బిల్లులకు మించి పెద్దగా ఏమీ రాయలేదు.

కాబట్టి ఇలాంటి కేసు గురించి విన్నప్పుడు నేనిప్పుడు ముందు అడిగేది వాళ్లు దేనికోసం కూర్చున్నారని కాదు, లేస్తామన్నాక ఎంతసేపటికి వదిలారని. ఇంతకీ మా బాబాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్తే, "నాలుగు సెకన్లకి కేసేంట్రా" అన్నాడు.